దేవేంద్రకు కుదరని గీతలు

పలమనేరులో సెల్‌ఫోన్లు బాగుచేసే మా దేవేంద్రకు ఒకటే జబ్బు. శుభ్రంగా ఉన్న బొమ్మను చూసి ఓర్చుకోలేడు. పాత వీడియో గేములు కంప్యూటర్లో మరీ తేటగా కనిపిస్తాయని, వాటి మీద షేడర్ అనే ప్రోగ్రాం వేసి, పాత డబ్బా టీవీలో మాదిరి అడ్డగీతలు, మసక, అంచుల్లో వంపు తెప్పిస్తాడు. తెప్పించి, కుదరలేదంటాడు. మూడేళ్ళలో వాడింట్లో ఆట ఆడిన మనిషి లేడు. నేను ఆశపడి వెళ్ళి, గీతల మందం మీద ఉపన్యాసం విని, టీ తాగి వచ్చేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం వేళ వెళ్ళాను. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. ఆ చీకట్లో తెర వెలుగు పడి వాడి మొహం పచ్చగా ఉంది. తెర మీద ఆట తనంతట తానే ఆడుకుంటోంది. ఒక బుల్లి మనిషి నడుస్తాడు, గుంతలో పడి చస్తాడు, లేచి మళ్ళీ నడుస్తాడు. దేవేంద్ర ఒక అంకె మార్చి గోడవైపు తిరిగాడు.

"సరిపోయిందా అన్నా?"

గోడలోంచి టక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది. లేదంటున్నాడని నాకు చెప్పి, వాడు మళ్ళీ అంకెల్లో పడ్డాడు.

ఎవర్ని అడుగుతున్నావంటే, వరదయ్యన్నను అన్నాడు. ఒకప్పుడు ఊళ్ళో వీడియో గేముల షాపు నడిపిన వరదయ్య పక్షవాతంతో పోయాడని నేను విని మూడేళ్ళయింది.

వీణ్ణి ఎలాగైనా కాపాడాలి. బొమ్మ నచ్చితే ఆ చచ్చినాయన తృప్తిపడి వెళ్ళిపోతాడు కదా అని నా బుర్రకు తోచింది. వాడు టీ పెట్టడానికి లేవగానే, వాడు దాచుకున్న పాత సెట్టింగుల్లో వెతికి, 'మొదటి రోజు' అన్నది నొక్కాను. అచ్చం వరదయ్య షాపులోని టీవీ వచ్చి కూర్చుంది. గోడవైపు తిరిగి, సరిపోయిందా అని అడిగాను. టక్, టక్. రెండు వినబడ్డాయి.

దేవేంద్ర గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "ఎంత పని చేసినావప్పా."

నన్ను పక్కింటికి లాక్కెళ్ళాడు. వరదయ్య బతికే ఉన్నాడు. నోరు పడిపోయింది, కుడి చెయ్యి రాదు. ఎడమ చేతిలో మంచం ఇనుము మీద కొట్టే స్పూను, మంచం ఎదురుగా ఒక టీవీ, గోడ బెజ్జంలోంచి దానికి వైరు. మమ్మల్ని చూడగానే ఆ స్పూను పక్కన పెట్టేసి, మొహం అటు తిప్పేసుకున్నాడు. ఆయన భార్య రంగనాయకమ్మ కలిపిన అన్నం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

బయటికొచ్చాక దేవేంద్ర గొంతు తగ్గించాడు. "మొదటి రోజే కుదిరిందప్పా. రెండు కొట్టినాడు. ఇంగ చెప్పేదానికేమీ లేదని వారం దినాలు మెతుకు ముట్టలేదు. దాంతో నేనే చెడగొట్టినా. దినామూ చెడగొడతా ఉండా."

నాకు సిగ్గేసింది. మళ్ళీ వాడి గదిలోకి వెళ్ళి ఆ గీతలను కొబ్బరి తాళ్ళంత లావు చేశాను. చప్పుడు లేదు. రంగులు తలకిందులు చేశాను. బుల్లి మనిషి ఊదారంగుకు తిరిగాడు. చప్పుడు లేదు. ఆఖరికి బొమ్మను కుండలా ఉబ్బించి, ఇదే అసలైన టీవీ అని గోడకేసి అరిచాను.

మంచం ఇనుము మీద పడిన స్పూను దెబ్బకు గోడ సున్నం రాలింది.

కాసేపటికి రంగనాయకమ్మ గుమ్మంలో నిలబడింది. "ఎవురప్పా ఆ తెలివితక్కువోడు? ఆయనకు కోపమొచ్చి నోరు తెరిచినాడు, నాలుగు ముద్దలు పెట్టేసినా. ఇంగా సగం ఉండాది, ఆపొద్దు."

కంచం ఖాళీ అయ్యేదాకా చెడగొడుతూనే కూర్చున్నాను.