మోటారు ఉన్న సైకిలు, ఎల్లయ్య ఎడమ కాలు

2025 ఫిబ్రవరి. జనగామ బస్టాండు దగ్గర ఒక సందులో ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో పని చేస్తున్నాను. పాప పుట్టాక మళ్లీ పనిలో చేరి రెండు నెలలే అయింది. అప్పట్లో నాకు ప్రతిదాని మీదా అనుమానమే. గ్యాస్ కట్టేశానా, పాలు చల్లారాయా, ఈ పేషెంటు మోకాలు ఇంకొంచెం వంచమనొచ్చా. అలాంటి రోజుల్లో వచ్చిన కేసు ఇది. ఇప్పుడు పాప పడుకుంది కాబట్టి రాయగలుగుతున్నాను.

ఎల్లయ్య దేవరుప్పుల మండలంలోని ఒక ఊళ్లో కల్లు గీత కార్మికుడు. నలభై ఆరేళ్లుంటాయి. వానాకాలంలో తాటిచెట్టు మీది నుంచి జారి ఎడమ మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది కానీ తొడ కరిగిపోయింది. తొడ ముందు వైపు ఉండే పెద్ద కండరాన్ని మేము క్వాడ్రిసెప్స్ అంటాం. నిలబడ్డప్పుడు మోకాలు మడత పడకుండా పట్టి ఉంచేది అదే. కొన్ని నెలలు వాడకపోతే సన్నబడుతుంది, మళ్లీ పెరగడానికి చాలా కాలం తీసుకుంటుంది.

జనవరిలో అతనికి వ్యాయామాలు చూపించి, వీలైతే సైకిల్ తొక్కమన్నాను. రెండు వారాలకు ఫోన్ చేశాడు.

"సైకిల్ తొక్కుతున్న బిడ్డా. రోజుకు పది కిలోమీటర్లు. నొప్పి లేదు, ఏం లేదు."

"మస్తు మంచిగుంది ఎల్లన్నా, అట్లనే తొక్కు," అన్నాను. పాప ఏడుస్తుంటే ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరిలో ఊరి నుంచి జనగామ దాకా ఆ సైకిల్ మీదే వచ్చాడు. బయటికి వెళ్లి చూస్తే లావు టైర్లు, ముందు షాక్‌లు, నడుమ గొట్టంలో బ్యాటరీ. ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్. కొండలూ రాళ్ల దారులూ తొక్కడానికి చేసిన సైకిల్. బావమరిది హైదరాబాద్‌లో సైకిళ్ల దుకాణంలో పని చేస్తాడట, అతను తెచ్చిచ్చాడు.

"ఇదేంది ఎల్లన్నా?"

"సైకిలే. నువ్వే గదా తొక్కుమన్నది."

అతని భార్య లచ్చమ్మ బస్సులో వచ్చి అప్పటికే గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని ఉంది. "ఒక్క చెమట చుక్క లేకుంట వచ్చిండు చూడు పెండ్లికొడుకు. బస్సుల నిలబడి నా కాళ్లే గుంజుతున్నయ్," అంది.

ఎల్లయ్య నవ్వి, "వచ్చే సోమవారం నుంచి చెట్టెక్కుతున్న," అన్నాడు. "నా చెట్లు గీస్తున్న పిలగానికి సుత చెప్పిన, ఇగ నేనే గీసుకుంటనని."

"నిన్ను ఎవరు ఎక్కమన్నరు?"

"నువ్వే. మస్తు మంచిగుంది అన్నవు గదా."

అతన్ని లోపలికి తీసుకెళ్లాను. పడుకోబెట్టి టేపుతో కొలిచాను. ఎడమ తొడ జనవరిలో ఎంత ఉందో అంతే ఉంది. మరి వాపు లేకుండా, నొప్పి లేకుండా అంత దూరం ఎట్లా వచ్చాడు? టేపు తప్పా, నేను కొలిచిన చోటు తప్పా? రెండోసారి కొలిచాను. అంతే వచ్చింది.

"నువ్వు టేపు చూస్తున్నవు బిడ్డా, నేను తొవ్వ చూసిన," అన్నాడు.

"ఒకసారి నేను తొక్కి చూస్తా," అన్నాను.

బయటికొచ్చి చున్నీ నడుముకు కట్టుకుని ఎక్కాను. కాలేజీ తర్వాత సైకిల్ ముట్టుకోలేదు. పెడల్ సగం తిరిగిందో లేదో ఎవరో వెనక నుంచి నెట్టినట్టు ముందుకు దూకింది. రెండు బ్రేకులూ పట్టేశాను. పడి చెయ్యి విరిగితే పాపను ఎత్తుకునేదెవరన్న ఆలోచన తప్ప ఇంకేమీ లేదు బుర్రలో. రెండోసారి మెల్లగా కదిలాను. సందు చివర ఎత్తు ఉంది, నడిచినా ఆయాసం వస్తుంది. అక్కడా అదే వేగం. హాయిగా ఉంది, భయంగానూ ఉంది. నేను పోతున్నానా, అది తీసుకుపోతోందా తెలియలేదు. దీన్ని పెడల్ అసిస్ట్ అంటారు. పెడల్ తిరుగుతుంటే మోటారు తోడు తోస్తుంది. అనుమానం వచ్చి ఎడమ కాలు ఊరికే పెడల్ మీద ఆనించి కుడి కాలితోనే తొక్కాను. వేగం ఏమీ తగ్గలేదు.

తిరిగొచ్చి మోటారు ఆపేసి, "ఇప్పుడు తొక్కు ఎల్లన్నా," అన్నాను. నేను సీటు పట్టుకుని పక్కనే నడిచాను. ఎత్తు మొదట్లోనే ఎడమ పెడల్ పైకొచ్చి ఆగిపోయింది. కాలు కింద పెట్టాడు. ఎడమ తొడను చేత్తో నొక్కి చూసుకున్నాడు.

"అయితే గిన్ని రోజులు ఎవరు తొక్కిన్రు?"

"చెట్టుకు మోటరు ఉండదు," అంది వెనకే వచ్చిన లచ్చమ్మ. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

తనకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే మోకు తాడును పైకి జరిపే క్షణంలో ఒంటి బరువంతా కాళ్ల మీదే ఉంటుందని అతనే నాకు ఇదివరకు చెప్పాడు. ఆ క్షణాన మోకాలు మడత పడితే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు.

"మరి ఎప్పుడెక్కాలె?" అని అడిగాడు. నేను చదివిన పుస్తకాల్లో తాటిచెట్టు లేదు. తోచింది చెప్పాను. స్టూలు మీది నుంచి ఎడమ కాలితోనే, ఏదీ పట్టుకోకుండా, పది సార్లు లేవగలిగినప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. పది సరిపోతుందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. చెట్లు ఆ పిలగానికే అప్పజెప్పాడు. ఆ ఎండాకాలమంతా ఎక్కలేదు.

సైకిల్ అంటే ఏ సైకిల్ అని ఆ రోజు ఫోన్‌లో అడిగి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఇప్పుడు పేషెంట్లు విసుక్కునేంతగా అడుగుతాను. నడిచిన అంటే ఎవరి చెయ్యి పట్టుకుని, మెట్లెక్కిన అంటే కమ్మీ పట్టుకునా అని. బాగుంది అన్న మాట మాత్రం కంటితో చూశాకే అంటున్నాను. అయినా అన్న ప్రతిసారీ లోపల గుబులే.

ఏప్రిల్‌లో ఎల్లయ్య మళ్లీ వచ్చాడు, బస్సులో. గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఎడమ కాలితోనే లేవడం మొదలుపెట్టాడు. నేను లెక్కపెడుతున్నాను. అయిదోసారి లేచి నిలబడ్డాడు. అయిదు అని రాయబోతుంటే ఆపాడు.

"నాలుగే రాయి బిడ్డా. అయిదోది నాది కాదు, గోడది. చెయ్యి తాకింది."