అసలు టేపులో లేని చూపు

దయ్యాలను నేను నమ్మను. పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది. నమ్మితే దుకాణం నడవదు. రోజంతా ఆ తెర మీద చనిపోయినవాళ్లే తీరిగ్గా అన్నాలు వడ్డిస్తుంటారు.

దుకాణం దేవరకొండలో, మా మేనమామది. ఒకప్పుడు ఆయన పెళ్లి వీడియోలు తీసేవాడు. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం షాహీన్ అక్క తన నిఖా క్యాసెట్ తెచ్చింది. వాళ్లమ్మ పోయి నెల. ఆమెకు ఫొటో అంటే సిగ్గు. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది. అందులో ఎవరైనా తప్పిపోయినవాళ్లలాగే ఉంటారు.

"అమ్మి మొఖం సాఫ్‌గ రావాలె తమ్మీ, గంతే" అంది.

అది వీహెచ్ఎస్, అందులోనూ నకలు. పెళ్లికూతురి చీర ఎరుపు చెదిరి పక్కావిడ చెంపకు కూడా అంటింది. టేపు పొడవునా తల్లి కెమెరాకు వీపే. చివర్లో కూతురు కారెక్కగానే కొంగు జరిపి, ఇటు తిరిగి, నేరుగా చూసి నవ్వింది. నవ్వని తెలుస్తుంది; పెదవులు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు.

ఆ పెళ్లి తీసింది మామే. అటక మీంచి అసలు టేపు దించాడు. హై-ఎయిట్, కెమెరాలో వేసే చిన్న క్యాసెట్. అరచేతిలో ఇముడుతుంది, బొమ్మ మాత్రం వీహెచ్ఎస్ కంటే చాలా నయం. ఆ రోజు కెమెరా అదొక్కటే, నకలు దాన్నుంచే తీశానన్నాడు.

వేశాం. కొంగు జరీ పోగుపోగునా కనిపించింది. కూతురు కారెక్కింది. తల్లి తిరగలేదు. చివరిదాకా వీపే.

రెండూ పక్కపక్కన నడిపాం. అదే కారు, దానికి అడ్డమొచ్చిన అదే మేక. అన్నీ కలిశాయి, ఆమె మెడ తప్ప.

"నకలు కొట్టినోడు పక్కోడి కాగితంల లేనిది రాస్తడా మామా?" అన్నాను.

"నోర్మూసుకోరా" అన్నాడు మామ, తెర మీంచి కళ్లు తీయకుండా.

ప్లేయర్ హెడ్లు తుడిచి, వేరే ప్లేయర్‌లో కూడా వేసి చూశాం. మళ్లీ అంతే. దయ్యమే అయితే కాస్త మంచి టేపు ఎంచుకోవచ్చు కదా అని జోకు తయారుచేసుకున్నాను. అక్క ముఖం చూసి మింగేశాను.

ఏది పెన్‌డ్రైవ్‌లో వెయ్యమంటావని అడిగాను. సాఫ్‌గా కావాలన్న మనిషి మసక టేపు మీద చెయ్యి పెట్టింది.

"గిదే ఇయ్యి తమ్మీ. ఏడుస్తనని ఆ రోజు నేను ఎనక్కి మళ్లి చూడలే. గిట్ల నవ్వుకుంట పంపిందని నాకెట్ల ఎరుక?"

ఏ టేపు మంచిదని ఎవరడిగినా హై-ఎయిట్ అనే చెబుతాను. అది నిజం కూడా. ఆ తల ఎలా తిరిగిందో మాత్రం నాకు ఈ రోజుకీ అంతు పట్టలేదు.