నాయన జేబులో ఉప్పు పొట్లం

మా ఇంటికి చుట్టాలొస్తే మర్నాడు పొద్దున, వాళ్ళు కాఫీ సగం తాగకముందే నాయన అడిగే మొదటి ప్రశ్న, "మా వైపు ఏం చూసినారు?" అని. ముందురోజు చీకటి పడ్డాక మార్కాపురంలో రైలు దిగి వచ్చిన మనుషులు ఏం చూసి ఉంటారు? స్టేషను, ఆటో, మా వీధిలో కుక్కలు. వాళ్ళు నీళ్ళు నమిలితే ఆయనకు అదే కావాలి. వెంటనే చొక్కా తొడుక్కుని జీపు మాట్లాడటానికి బయల్దేరేవాడు.

నాయనది చిన్న పలకల కార్ఖానా. బడిపిల్లలు నోటుబుక్కుల్లోకి మారిపోయాక అది చిక్కిపోయింది గానీ ఆయన గొంతు మాత్రం చిక్కలేదు. దొనకొండ తీసుకుపోతే మేకలు మేస్తున్న బీడు ముందు అందరినీ నిలబెట్టి, తెల్లదొరల కాలంలో ఇక్కడ విమానాలు దిగేవని చెప్పేవాడు. చుట్టాలు మేకల వంకా ఆకాశం వంకా మార్చి మార్చి చూసేవాళ్ళు. కంభం చెరువు కట్ట ఎక్కితే, రెండు కొండల మధ్య సందును ఇంత కట్టతో మూసి అన్ని నీళ్ళు ఆపిన పాతకాలం వాళ్ళ తెలివిని సొంత తాత తెలివిలాగా పొగిడేవాడు. గిద్దలూరు అవతల అడవిలో ఒక నల్లరాతి వరస ఉంది. అక్కడ ఉపన్యాసం మరీ పొడుగు. మన పలకరాయి బురదలో పుట్టింది, ఇది మంటలో పుట్టింది, భూమి కడుపులో కాగి కాగి పైకి తన్నుకొచ్చి చల్లారింది అని చెప్పి, "తాకి చూడండి, ఇప్పుడు కాలదులే" అనేవాడు. చుట్టాల్లో ఎవరో ఒకరు నిజంగానే భయపడుతూ వేలు పెట్టేవాళ్ళు. నాయనకు ఆ రోజుకు అది చాలు.

అన్నిటికంటే ఆయనకు ఇష్టం భైరవకోన. కొండను తొలిచి చేసిన గుళ్ళు, వాటి పక్కనే పైనుంచి దూకే నీళ్ళు. మామూలు రోజుల్లో ఆ నీళ్ళు దారమంత సన్నగా ఉంటాయి. వానలు పడితే మాత్రం మనిషి మాట మనిషికి వినపడదు. ఎండాకాలం వచ్చిన చుట్టాలను కూడా నాయన అక్కడికే తీసుకుపోయి, దారమంత నీళ్ళను చూపించి, వానల్లో ఎట్లా ఉంటుందో చేతులు ఊపుతూ చేసి చూపించేవాడు. నీళ్ళకంటే ఆయనే ఎక్కువ చప్పుడు చేసేవాడు.

ఈ తిరుగుళ్ళన్నిటికీ పులిహోర మా అత్తది. అత్త అంటే నాయనకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామ పోతే మా ఇంటికి వచ్చేసింది. మమ్మల్ని ఎత్తుకుని తిప్పింది, తలలు దువ్వింది, వీపులు వాయించింది. పులిహోర మూటగట్టి జీపులో పెట్టింది. కానీ ఒక్కసారి కూడా జీపు ఎక్కలేదు. మొదట్లో సీటు లేదన్నారు. తర్వాత సీటున్నా ఎవరూ పిలవలేదు. ఇంటికి తాళం వేసి పోతే పాలవాడు ఏం కావాలి, బావిలో మోటారు ఎవరు వేయాలి అని ఏవో కారణాలు చెప్పి, పిలవని వాళ్ళ మర్యాద కూడా తనే కాపాడేది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. దూరం నుంచి వచ్చినవాళ్ళంతా చూసిన కోనను ఈ ఇంట్లో మనిషి చూడలేదు.

అత్త వంటకు ఒక పట్టింపు ఉంది. కంభం చెరువైతే కట్ట కింద గంగమ్మకు ఒక ముద్ద, కోనకైతే గుహలో దేవుడికి ఒక ముద్ద, అక్కడ పెట్టనిదే ఎవరూ తినకూడదు. కాబట్టి వండేటప్పుడు నాలుక మీద వేసుకుని చూడటం ఉండదు. ఎంగిలి. ఇంట్లోకని ముందే కాస్త తీసి పెట్టుకోవడం అంతకంటే తప్పు. ప్రసాదంగా తిరిగి వస్తే తినాలి. అది ఎప్పుడూ తిరిగి రాలేదు. మేం క్యారియర్లు నాకినంత పని చేసి తెచ్చేవాళ్ళం. అత్త ఆ ఖాళీ గిన్నెలు చూసి మురిసిపోతూ తోమేది. అంటే తన చేతి యాత్ర పులిహోర అత్త ఎన్నడూ తినలేదు.

అందులో ఉప్పు ఉండదు. అసలే లేదని కాదు, ఎప్పుడూ తక్కువ. నిమ్మకాయ, ఇంగువ, వేరుశెనగ గుళ్ళు అన్నీ చక్కగా కుదిరేవి, ఉప్పు మాత్రం మొహం చాటేసేది. అందుకని నాయన చొక్కా జేబులో పెన్ను పక్కన పేపరు ముక్కలో చుట్టిన ఉప్పు పొట్లం ఉండేది. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక, ఊరమిరపకాయలు వడ్డించే వంకతో లేచి, వరసగా నడుస్తూ, ఒక్కొక్కరి ముద్ద మీద రెండు వేళ్ళతో చల్లుకుంటూ పోయేవాడు. ఒకసారి మా చిన్నాన్న ఒకాయన, "అక్కకు చెప్పరాదా, ఇంకొంచెం వెయ్యమని?" అన్నాడు. నాయన ఆయన వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"నోరు కట్టుకోని వండి పంపిస్తాంది. తినేవాళ్ళం మనం నోరు తెరవగూడదు," అన్నాడు.

అంతే. మా ఇంట్లో అది శాసనం అయిపోయింది. కోడళ్ళు వచ్చినా, అల్లుళ్ళు వచ్చినా, మొదటి యాత్రలోనే ఎవరో ఒకరు చెవిలో ఊదేవాళ్ళు. తిరిగొచ్చాక అందరూ ఒకే పాట. "అత్తా, నీ పులిహోర ఆ కోనలో కూర్చోని తింటే ఆ రుచే వేరు." అత్త పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ, "ఆఁ, ఊరికే అంటారులే," అనేది.

నాయన పోయాక జీపులు ఆగిపోయాయి. చుట్టాలు వస్తారు, ఫోన్లు చూసుకుంటారు, పోతారు. నేను గిద్దలూరులో ఉంటాను. అత్త మార్కాపురంలో మా తమ్ముడి దగ్గర. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. రానురాను గడప దాటడమే కష్టమవుతుందన్నాడు. మొన్న వానాకాలం చూడటానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నన్ను ఒకసారి కోనకు తీసకపో," అంది. "నడవగలిగినప్పుడే చూస్తా. ఆడ కూర్చోని నా పులిహోర నేను తినాల. అందరూ ఆ రుచే వేరంటిరి గదా, ఏందో ఆ రుచి."

నాకు ఏడుపూ సంతోషం ఒకేసారి వచ్చాయి. ఆ వెనకే గుర్తొచ్చింది. ఉప్పు! ఇన్నేళ్ళు నాయన కాపాడుకొచ్చిన మాట నా చేతిలో పగలబోతోంది. ఈ వయసులో, అంత దూరం పోయి, మొదటి ముద్దలోనే ఆమెకు తెలిసిపోతుంది. మేమంతా ఇన్నాళ్ళు అబద్ధం చెప్పామని తెలిసిపోతుంది.

బయల్దేరే రోజు తెల్లవారక ముందే లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అన్నం పళ్ళెంలో ఆరుతోంది. అత్త తడిజుట్టు ముడితో నిమ్మకాయలు పిండుతోంది.

"నేను కలుపుతాలే అత్తా, నువ్వు కూర్చో."

"స్నానం చేసినావా?"

"చేస్తా."

"అయితే ఆడనే ఉండు. గడప తొక్కినావంటే కాళ్ళు ఇరగ్గొడతా."

యాభైకి దగ్గరపడ్డ దాన్ని, ఇద్దరు బిడ్డల తల్లిని, గడప బయట బుద్ధిగా నిలబడ్డాను. స్నానం చేసి వచ్చేసరికి క్యారియరు మూత పడిపోయింది. చేసేదేముంది, పాత పేపరు చింపి ఉప్పు పొట్లం కట్టి హ్యాండుబ్యాగులో వేసుకున్నాను.

కారు మార్కాపురంలో మా వీధి చివర ఉండే భాయ్‌ది, నడిపేదీ ఆయనే. నాయన జీపు మాట్లాడింది వాళ్ళ నాన్న దగ్గరే. తర్లుపాడు దాటేదాకా అత్త కిటికీకి మొహం ఆనించి కూర్చుంది. కంభం చెరువు దగ్గర దిగి కట్ట మీదికి ఎక్కించాం. నిండా నీళ్ళు. నాయన చెప్పేవన్నీ నేను చెప్పబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలుసులేవే. మీ నాయన ప్రతి ఉపన్యాసం ముందు రోజే వంటింట్లో నాకు ఒప్పజెప్పేవాడు. నేను బాగుందంటేనే చుట్టాలకు చెప్పేది."

ఈ సంగతి నాకు తెలియదు. నిప్పులో పుట్టిన రాయి గురించి కూడానా అని అడిగాను. "అది నాలుగుసార్లు చెప్పినాడు. కాలదులే అనే మాట నేనే పెట్టిచ్చినా," అంది. నేను పగలబడి నవ్వాను.

కోనకు చేరేసరికి సన్న తుంపర. నీళ్ళ హోరు దూరం నుంచే వినిపిస్తోంది. మెట్ల దగ్గర అత్త ఒక పక్క నన్నూ, ఒక పక్క భాయ్‌నీ పట్టుకుంది. "నిదానంగా పెద్దమ్మా, నిదానంగా," అంటూ భాయ్ ఒక్కో మెట్టు దగ్గరా ఆగాడు. తొలిచిన గుళ్ళ ముందు అత్త మా చేతులు వదిలింది. రాతి స్తంభం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. నీళ్ళ కిందికి వచ్చాక తుంపర్లు మొహం మీద పడుతుంటే కళ్ళు మూసుకోలేదు, తుడుచుకోలేదు. "మీ నాయన చేతులు ఊపింది తక్కువే," అంది. నాకు అత్తను చూడటమే సరిపోయింది, నీళ్ళు చూడలేదు.

దేవుడికి ముద్ద పెట్టాం. మండపం కింద విస్తరాకులు పరిచాను.

"నువ్వు కూర్చో అత్తా, నేను వడ్డిస్తా," అన్నాను, బ్యాగు దగ్గరగా లాక్కుంటూ.

"ఇన్నేండ్లకు వచ్చినా, నా చేత్తో నేను పెట్టుకోకపోతే ఎట్ల?" అని గరిటె లాక్కుంది. మొదట భాయ్‌కి పెట్టింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, ఆగాడు. "పెద్దమ్మా, కొంచెం..." అన్నాడు. నేను కాలితో ఆయన మోకాలు తన్నాను. "కొంచెం ఇంకా పెట్టు, బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు పాపం, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

తర్వాత అత్త తన విస్తట్లో పెట్టుకుని ముద్ద తీసుకుంది. నేను నీళ్ళ వైపు చూస్తున్నట్టు నటించాను. నమిలింది, మింగింది. రెండో ముద్దకు పోలేదు. ఎడమచెయ్యి నా వైపు చాపింది.

"తే."

"ఏంది?"

"పొట్లం. బ్యాగును పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావు పొద్దుటినుంచి."

పొట్లం తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"మీ నాయన చొక్కాలు ఉతికింది ఎవురనుకున్నావే? కోనకు పోయొచ్చిన ప్రతిసారీ జేబులో మిగిలిన ఉప్పు పొట్లం."

"మరి తెలిసీ ఎక్కువెయ్యలేదేం?"

అత్త నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసింది. "ఎక్కువైతే తీసేదానికి ఎవురి వల్లా కాదు. తక్కువైతే కలిపేదానికి వాడుండె. ఇంట్లో నేను, ఆడ వాడు. ఇద్దరం కలిసి వండినట్టే గదా."

భాయ్ లేచి, చేతులు కడుక్కునే వంకతో అవతలికి పోయాడు. నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. నీళ్ళ హోరులో ఎట్లాగూ వినపడదు. అత్త కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. పొట్లం విప్పకుండా తిరిగి నా చేతికి ఇచ్చింది.

"లెయ్. వాడెట్ల చల్లేవాడో అట్ల చల్లు. నేను చూడలేదు గదా."

లేచాను. ఊరమిరపకాయల డబ్బా ఎడమచేతిలో పట్టుకుని, నాయన లాగే నడుము కొంచెం వంచి, విస్తళ్ళ ముందు నడిచాను. రెండు వేళ్ళతో తీసి అత్త ముద్ద మీద వేయబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"అంత కాదు," అంది. "వాడి పొట్లంలో సగం తిరిగొచ్చేది."