హోల్డర్ కోసం రెండుసార్లు పట్నం

అందరినీ అనుమానించడమే తెలివి అనుకునే వయసొకటి ఉంటుంది. నాకది డిప్లొమా చేతికొచ్చి, వరంగల్‌లో ఒక చిన్న కార్ఖానాలో ఉద్యోగం దొరికిన ఏడాది వచ్చింది. కారణం లేకపోలేదు. చేరిన వారంలోనే అక్కడి పనివాళ్లు నన్ను పక్క కార్ఖానాకు పంపి 'గుండ్రటి మూలమట్టం' అడిగి తెమ్మన్నారు. (లంబకోణం చూసే మూలమట్టం గుండ్రంగా ఉండదన్న సంగతి, అక్కడివాళ్లంతా పని ఆపి నవ్వాక గాని నాకు తట్టలేదు.) తిరిగొచ్చేసరికి మా కార్ఖానాలో అందరికంటే పెద్ద పనిమంతుడు, మేమంతా చాచా అని పిలిచే ఆయన కూడా మీసాల్లో నవ్వుకుంటున్నాడు. ఆ రోజు నుంచి ఎవరైనా మంచినీళ్లు ఇచ్చినా గ్లాసులోకి తొంగిచూసి తాగేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా యజమాని పెద్దసారు వేలంలో ఒక పాత మిల్లింగ్ మిషన్ కొన్నారు. దానికి పేరుపలక లేదు, ఏ దేశానిదో తెలియదు, అన్నిటికంటే ముఖ్యంగా టూల్ హోల్డర్ లేదు. ఇనుమును కోసే పనిముట్టును పట్టుకునేది హోల్డరే. శంకువులాంటి దాని వెనుకభాగం మిషన్ నోట్లో సరిగ్గా కూర్చోవాలి, పైనుంచి దించిన పొడుగాటి రాడ్ దాని మరల్లోకి ఎక్కి గట్టిగా లాగి పట్టుకోవాలి. రాడ్ మాత్రం మిషన్‌తోనే వచ్చింది. వడ్లు మార్కెట్‌కు వచ్చేలోగా రైస్ మిల్లుల షాఫ్టులకు గాడులు కోసిస్తామని పెద్దసారు అప్పటికే నలుగురికి మాటిచ్చేశారు. హోల్డర్ తెచ్చే బాధ్యత డిప్లొమా వాణ్ణని నా మీద పడింది.

మిషన్ నోటిని కొలిచాను, పుస్తకంతో పోల్చాను, నలభై నంబరని తేల్చాను. (అది నిజంగానే నలభై. నా జీవితంలో ఆ వారం నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.) రాడ్ కొసకు స్కేలు పెడితే పదహారు మిల్లీమీటర్లు కనబడింది, రాసుకున్నాను. బయల్దేరుతుంటే చాచా పిలిచాడు. "బిడ్డా, ఆ రాడ్ గూడ పట్కపో. చూడీలు కండ్లతోని సూత్తె తెల్వది, ఎక్కిచ్చి సూడాలె." చూడీలంటే మరలు. నాకు వెంటనే గుండ్రటి మూలమట్టం గుర్తొచ్చింది. రెండు మూరల ఇనుప కడ్డీని బస్సులో మోయించి, వెనక నుంచి అందరూ నవ్వాలని చూస్తున్నారన్నమాట. సరేనని తలూపి, రాడ్‌ను అక్కడే వదిలి బస్సెక్కాను.

పట్నంలో రాణీగంజ్‌లోని ఒక దుకాణంలో తెల్లగడ్డం పెద్దాయన నలభై నంబరు హోల్డర్ తీసి ముందు పెట్టి, రాడ్ చూడీ అంగుళాలదా, మిల్లీమీటర్లదా అని అడిగాడు. ఇంకేదో అంటగట్టడానికే ఈ ప్రశ్న అనిపించింది. మిల్లీమీటర్లేనని కటువుగా చెప్పాను. ఒకసారి రాడ్ తెచ్చి చూసుకోరాదా అన్నాడు. నా అనుమానం రెట్టింపై, మిల్లీమీటర్ల హోల్డరే కొనుక్కుని వచ్చేశాను.

మర్నాడు హోల్డర్ మిషన్ నోట్లో ముద్దుగా కూర్చుంది. పైనుంచి రాడ్ తిప్పితే రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోయింది. అదృష్టం, ఆ రోజు చాచా బంధువుల పెళ్లికి పోయి ఉన్నాడు. పెద్దసారుతో దుకాణంవాడు మోసం చేశాడని చెప్పాను. లోకమంతా దొంగలేనని మొదటినుంచీ నమ్మే ఆయన నా మాట నమ్మడానికి క్షణం పట్టలేదు.

చాచా తిరిగి రాకముందే పని చక్కబెట్టాలని, రాడ్‌నూ హోల్డర్‌నూ లుంగీలో చుట్టుకుని హనుమకొండ బస్టాండుకు పోయాను. అక్కడ ఒక కానిస్టేబులు నా మూటను చూసి ఆపాడు. విప్పించి, ఏందిదన్నాడు. మిల్లింగ్ మిషన్ రాడ్ అన్నాను. మిషన్ ఎక్కడున్నదన్నాడు. కార్ఖానాలో అన్నాను.

"మరి రాడ్ నీ దగ్గరెందుకున్నది?"

నేనే ఆయన స్థానంలో ఉంటే నన్ను కచ్చితంగా వదిలేవాణ్ణి కాదు. ఆయన మాత్రం హోల్డర్‌ను తిప్పి తిప్పి చూసి, వాసన కూడా చూసి, బస్సు కదులుతుంటే పొమ్మన్నాడు.

పోట్లాటకు సిద్ధపడి దుకాణం మెట్లెక్కాను. పెద్దాయన రాడ్‌ను హోల్డర్‌లో రెండు చుట్లు తిప్పి ఆపి, మరలు కొలిచే పళ్లున్న చిన్న రేకొకటి మరల మీద ఆనించాడు. రాడ్ అంగుళాలది, హోల్డర్ మిల్లీమీటర్లది, లావు దాదాపు ఒకటే గనుక మోసపోయావని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత, మీ దగ్గర లేత్ ఉన్నదా అని అడిగాడు. ఉందన్నాను. మరలు కోసే మనిషి? ఉన్నాడన్నాను.

"మరి హోల్డర్‌కు తగ్గ రాడ్ ఆయన చేస్తడు గద. ఇంత దూరమెందుకొచ్చినవ్ బాబూ?"

మర్నాడు పొద్దున చాచాకు అంతా చెప్పేశాను. ఆయన నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు. ఒక కడ్డీ తీసుకుని లేత్ మీద పెట్టాడు. చాయ్ వచ్చేలోగా కొత్త రాడ్ తయారైంది. హోల్డర్ గట్టిగా పట్టుకుంది. మొదటి షాఫ్టు కోస్తుండగా పెద్దసారు వచ్చి, ఆ దొంగ దుకాణపోని సంగతేమైందని అడిగారు. నేను నోరు తెరిచేలోపే చాచా అందుకున్నాడు.

"దుకాణపాయిన తప్పేం లేదు సార్. పాత రాడ్ దీనికి పడ్తలేదు, కొత్తది చేసిన. గంతే."

నా పేరు ఎక్కడా రాలేదు. పెద్దసారు రెండు రాడ్లనూ అనుమానంగా చూసి వెళ్లిపోయారు. నేను చాచాను అనుమానంగా చూశాను. ఇంత సాయం ఊరికే ఎవరు చేస్తారు? దీనికి బదులుగా ఏదో అడుగుతాడని నెల రోజులు ఎదురుచూశాను. ఒకనాడు "బిడ్డా, జర ఇట్ల రా" అని పిలిచాడు. ఆ ఘడియ వచ్చిందనుకుని వెళ్లాను.

"ఇంకో రెండు హోల్డర్లు కావాలె. నువ్వే పోయిరా. నువ్వైతే సరిగ్గ తెస్తవ్."

అంతే, మళ్లీ లేత్ వైపు తిరిగాడు. ఆ మాట వెనక ఏముందోనని బస్సులో రఘునాథపల్లి దాటేదాకా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఏమీ దొరకలేదు. ఇక చేసేదేమీ లేక, కిటికీకి తల ఆనించి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.