ఉప్పు తెలిసిన నాలుక

జూన్ పదిహేను, ఆదివారం. ఉదయం ఎనిమిది గంటలు. మా ఇంటి వసారా. ఉన్నవాళ్లు: పెంచలమ్మ, ఆదెమ్మ, ఎదురింటి సుబ్బరత్నం, నా భార్య రాజ్యలక్ష్మి, నేను.

వాళ్లు రాకముందే డైరీలో ఇంతవరకు రాసి కలం ఆపేశాను. వీధి చివర ఎవరో ఆకులు తగలబెడుతున్నారు. వేపాకు, గంగరావి ఆకు, సగం ఎండిన అరటి డొప్పలు కలిసి కాలుతుంటే వచ్చే పొగ చేదుగా ఉంటుంది. గొంతులో దిగి అక్కడే కూర్చుంటుంది. ఎనిమిదేళ్ల క్రితం వరకు మా వీధిలో ఎవరూ ఆకు కాల్చేవాళ్లు కాదు. ఊడ్చిన ప్రతి ఆకూ పెంచలమ్మ ఎరువు గుంతకు చేరేది. ఇప్పుడు కాలుతోందంటే దానికి కారణం నేను. ఆ సంగతి ఆ ఉదయం దాకా నాకూ నా డైరీకీ తప్ప ఎవరికీ తెలియదు.

నేను బిట్రగుంట రైల్వే స్టోర్సులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. రోజూ డైరీ రాయడం, ఏదైనా ముఖ్యమైన పని జరిగితే అక్కడ ఎవరెవరు ఉన్నారో ముందుగా రాసుకోవడం ఆ ఉద్యోగంలో అబ్బిన అలవాటు. రిటైరయ్యాక మా ఆవిడ పుట్టిన పల్లెలో, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో, పది సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. స్థలమంతా ఇసుక. వంగ నాటాను, టమాటా నాటాను, మల్లె అంట్లు పెట్టాను. ఏ రోజు ఎన్ని బిందెలు పోశానో కూడా రాసుకున్నాను. అన్నీ వరసగా చచ్చిపోయాయి.

ఒకరోజు నీళ్లు పోస్తుంటే పిట్టగోడ అవతలినుంచి మాట వినిపించింది. "సారూ, ఆ నీళ్లేందో నేరుగా సముద్రంలోనే పోసేస్తే పోలా? వాటికి నడక తప్పుతాది."

అదే పెంచలమ్మతో నా మొదటి పరిచయం. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. భర్త లేడు. కోడలితో, రెండు బర్రెలతో ఉండేది. సన్నటి మనిషి, పెద్ద గొంతు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే గోడ మీదుగా ఆమె పెరట్లోకి చూశాను. అదే ఇసుక నేల. అందులో బెండ చెట్లు నా భుజమెత్తు ఉన్నాయి. మర్నాడే వెళ్లి, "పెంచలక్కా, నాకూ చెప్పు" అని అడిగాను.

ఆమె గుంత కానుగ చెట్టు నీడలో ఉండేది. మంచం పట్టేంత వెడల్పు, నడుము లోతు. వీధిలో మా నాలుగిళ్ల ఆకూ అలమూ, కూరగాయల తొక్కలూ అందులోనే పడేవి. జానెడు మందాన ఆకు వేసి, పైన పేడ కలిపిన నీళ్లు చల్లి, కాస్త బూడిద జల్లి, మళ్లీ ఆకు. మధ్యలో కిందటేటి ఎరువు నాలుగు పిడికిళ్లు. "పాలకి తోడెయ్యమా? ఇదీ అంతే. తోడు లేకుండా పాలు పెరుగవుతాయా, ఇరిగిపోతాయి గానీ" అనేది. పైన తాటాకు కప్పి వదిలేసేది. వారం తర్వాత గడ్డపార గుచ్చి, కాసేపు ఉంచి, తీసి నా చేతికిచ్చింది. ఇనుము వెచ్చగా ఉంది. "జొరమొచ్చినాది. ఇంక పని మొదులైనట్టే" అంది. నేను జేబులోంచి పుస్తకం తీసి రాసుకుంటుంటే పకపకా నవ్వింది. "ఆకు సదువుకోలేదు సారూ. మీరు రాసింది చూసి తొందరగా మాగదు."

ఆ నవ్వు నాకు అప్పుడు అంతగా నచ్చలేదు. కానీ తొలకరికి గుంత విప్పినప్పుడు వచ్చిన వాసన ఇప్పటికీ గుర్తుంది. పేడ వాసన లేదు, కుళ్లు వాసన లేదు. మొదటి వాన పడ్డ నేల వాసన. నాలుగిళ్లకూ గంపలతో పంచింది. ఆ ఏడు నా ఇసుకలో వంకాయ కాసింది. రెండేళ్లకు నేల రంగు మారింది. మా వీధిలోనే ఉండే ఆదెమ్మ మల్లెతోట పెట్టి పూలు అమ్ముకుని బతికేది. "మా అక్క గుంత ఉన్నంతకాలం నాకు దిగుల్లేదు" అనేది.

ఆమె పద్ధతుల్లో ఒక్కటి మాత్రం నేను నేర్చుకోలేదు. బయటినుంచి మట్టి ఏది వచ్చినా చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేది. మా పల్లెలో పాతకాలం ఆడవాళ్లందరికీ ఆ అలవాటు ఉండేదట. సముద్రం పక్క నేల కదా, ఉప్పు కంటికి కనబడదు. ఒకసారి నేను ట్రాక్టరుతో మట్టి తెప్పించాను. ఆమె గేటు దగ్గరే ఆపి, చిటికెడు నోట్లో వేసుకుని, తుప్పున ఉమ్మి, "ఎనక్కి తిప్పు నాయనా" అంది డ్రైవరుతో. పంచే ముందు ఎరువునూ అలాగే చూసేది. నేను మొహం చిట్లించాను.

"ఏంది సారూ, రోతా? చెట్టుకి కూడు పెట్టేటప్పుడు మనం రుచి చూడొద్దా?"

"నాకు చేతకాదక్కా."

"చేతగాక కాదు, రైల్వే సారు గదా, నామోషీ" అని నవ్వింది. నిజమే చెప్పింది.

ఇంక ఎనిమిదేళ్ల కిందటి ఆ ఏడాది సంగతి. మాఘమాసంలో ఆమె కూతురి కాన్పుకని కోవూరు వెళ్లింది. వెళ్తూ, "గుంత మీ చేతిలో పెడతుండా. ఆకు ఏసేది, పేడనీళ్లు చల్లేది, అంతే. మీ తెలివితేటలు చూపించబాకండి" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ముల్లులా గుచ్చుకుంది. నాలుగేళ్లుగా నేర్చుకుంటున్నాను, ఇంకా నేను శిష్యుణ్ణేనా అనిపించింది.

పల్లె దాటాక రొయ్యల చెరువులు ఉన్నాయి. అప్పుడే ఒక చెరువు ఎండగట్టి, అడుగు బురద తీసి గట్టు మీద పోశారు. కాటుకలా నల్లగా, వెన్నలా మెత్తగా ఉంది. రొయ్యల మేతా, రెట్టా అంతా అందులోనే కదా, ఇంతకంటే బలం ఏముంటుంది అనుకున్నాను. అడిగితే ఊరికే తీసుకెళ్లమన్నారు. ఇరవై గంపలు మోయించి గుంత అడుగున, నడుమ పరిపించి, పైన ఆకు కప్పించాను. నాలుక మీద వేసుకోవాలన్న మాట గుర్తు రాకపోలేదు. వచ్చింది. కంపు కొడుతోంది కదా అని మానేశాను. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: "చెరువు నల్లమట్టి ఇరవై గంపలు. పెంచలమ్మకు చెప్పలేదు. ఎరువు చూసి ఆశ్చర్యపోవాలి."

ఆమె తిరిగి వచ్చింది. తొలకరికి గుంత విప్పి, ఎప్పటిలాగే పైనుంచి చిటికెడు తీసి రుచి చూసి, "బాగుండాది" అని పంచింది. పైన ఉన్నది మంచి ఎరువే. కింద ఉన్నది ఎవరి నాలుకకూ తగల్లేదు.

శ్రావణం వచ్చేసరికి నాలుగు పెరళ్లలోనూ ఆకుల అంచులు కాల్చినట్టు మాడిపోయాయి. పాదుల్లో తెల్లటి పొర పేరుకుంది. ఆదెమ్మ మల్లెలు మొదలంటా ఎండాయి. అందరం పెంచలమ్మ పెరట్లో చేరాం. ఆ రోజు ఉన్నవాళ్లు కూడా ఈ ఐదుగురమే. పెంచలమ్మ పాదులోని మట్టి తీసి నాలుక మీద వేసుకుంది. మొహం మారిపోయింది. ఇంకో పాదులో చూసింది. తర్వాత నావైపు తిరిగి మామూలుగానే అడిగింది.

"సారూ, నేను లేనప్పుడు గుంతలో ఏమన్నా ఏసినారా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నన్ను సారు అని పిలిచేవాళ్లు.

"లేదు" అన్నాను.

అంతే. ఆమె ఇంకోమాట అడగలేదు. రైల్వే సారు, రోజూ డైరీ రాసే మనిషి, అబద్ధం ఎందుకు చెబుతాడు? కాసేపు ఆలోచించి, "అయితే నేను పోసిన చేపలు కడిగిన నీళ్లే అయ్యుంటాది. పంచేముందు చూసినా గదా, తెలీలేదే. నా నాలిక సచ్చిపోయినాదే ఆదెమ్మా" అంది. ఆదెమ్మ ఏడుపులో ఉంది. "అంతా తెలిసినట్టు చెప్తావు గదక్కా, ఇట్టా ముంచేస్తివే" అంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ రాత్రి డైరీలో రాశాను: "ఎరువులో ఉప్పు. కారణం తెలియలేదు." ఇరవై గంపల పేజీకీ ఈ పేజీకీ మధ్య ఆరునెలల దూరం. రెండూ నా చేతిరాతే.

మొదటిరోజు భయంతో చెప్పలేదు. రెండోరోజు, నిన్న చెప్పలేదు కదా అని చెప్పలేదు. వానలకు ఉప్పు కొట్టుకుపోయి నేలలు మెల్లగా కోలుకున్నాయి. గుంత మాత్రం కోలుకోలేదు. ఆకు ఇచ్చేవాళ్లు లేరు, ఎరువు అడిగేవాళ్లు లేరు. ఆదెమ్మ పూలు వదిలేసి కూలికి పోయింది. పెంచలమ్మ గుంత పూడ్చేసింది. ఆమె నేర్పిన పద్ధతిలో నా పెరట్లో చిన్న గుంత నేను పెట్టుకున్నాను. అడిగిన సందేహాలకు గోడ అవతలినుంచే ఓపికగా చెప్పేది. ఆ ఎరువుతో కాసిన కాయలు నేను ఎనిమిదేళ్లు తిన్నాను.

జూన్ పదిహేనుకి వారం ముందు ఆమె చేపల పులుసు గిన్నెతో వచ్చింది. ఒక గరిటె నా చేతిలో పోసి, "ఉప్పు సరిపోయినాదా చూడండి సారూ. కోడలు పుట్టింటికి పోయినాది. నా నాలిక్కి తెల్దు గదా" అంది. కోడలు లేని పూట ఎవరో ఒకరిని అడిగి గానీ వడ్డించుకోదని అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్లుగా వంటలో ఉప్పు కోడలే వేస్తోందట. పులుసులో ఉప్పు సరిగ్గా ఉంది. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. సరిపోయిందని చెప్పి, లోపలికి వచ్చి పాత డైరీ వెతికాను.

అందుకే ఆ ఆదివారం అందరినీ పిలిచాను. అబద్ధం ఎంతమంది ముందు చెప్పానో అంతమంది ముందే నిజం చెప్పాలి. కాఫీలు వచ్చాయి. నేను పాత డైరీ తెరిచి రెండు పేజీలూ చదివాను. నా గొంతు ఇన్‌స్పెక్షన్‌లో లెక్క అప్పజెప్పేటప్పటిలా ఉంది. దానికి కూడా సిగ్గేసింది.

సుబ్బరత్నం నోటిమీద చెయ్యి పెట్టుకుంది. మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

"ఎనిమిదేళ్లా సారూ?" అంది ఆదెమ్మ. "మా అక్కని నేను ఎన్నేసి మాటలన్నా! నువ్వు పక్కనే నిలబడి వింటా ఉంటివే."

పెంచలమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని అందులోకే చూస్తూ కూర్చుంది.

"అయితే నా నాలిక బాగానే ఉండిందన్నమాట" అంది చివరికి.

"బాగానే ఉందక్కా. తప్పంతా నాదే."

"ఆ ముక్క ఆ పొద్దే చెప్పుంటే నాలుగు తిట్టేదాన్ని, పోయేది. బురద ఏసినందుకు కాదయ్యా. నా నోరు నాకే నమ్మకం లేకుండా చేసినావు నువ్వు." ఆమె నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. గ్లాసు అరుగు మీద పెట్టి, తాగకుండానే లేచింది. ఆదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

క్షమించమని అడగాలని ముందే కాగితం మీద రాసుకున్న మాటలు జేబులోనే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్లాను. గుంత మీది తాటాకు తొలగించి, అడుగు దాకా చెయ్యి దూర్చి, చిటికెడు ఎరువు తీసి నాలుక మీద వేసుకున్నాను. డెబ్బై దాటిన వయసులో మొదటిసారి. చప్పగా ఉంది, కొంచెం వగరు. ఉప్పు లేదు. ఉమ్మి, నోరు కడుక్కోకుండా అక్కడే నిలబడ్డాను.

గోడ అవతల గిన్నెల చప్పుడు. రాత్రే పుట్టింటినుంచి వచ్చిందేమో, కోడలి గొంతు వినిపించింది. తర్వాత పెంచలమ్మ గొంతు, పాత పెద్ద గొంతు:

"ఏందే ఇది, చట్నీలో ఇంతుప్పు! జరుగు ఈడనుంచి. రేపట్నుంచి నేనేస్తా."

నేను గోడ దగ్గరికి వెళ్లలేదు. లోపలికి వచ్చి తేదీ వేసి, ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఉన్నవాళ్లు అని రాసే చోట పెంచలమ్మ, ఆమె కోడలు అని రాసి, నా పేరు రాయకుండా కలం ఆపేశాను.