అడగలేదనే రాయమ్మా

దిల్‌సుఖ్‌నగర్ నా చిన్నప్పుడు ఊరికి చివర. మలక్‌పేట దాటాక ఇళ్ళు పలచబడిపోయి, విజయవాడ రోడ్డుకు అటూ ఇటూ చేలూ తోటలూ కనిపించేవి. ఇప్పుడు ఎల్బీ నగర్ అని పిలుస్తున్న చోట రాళ్ళగుట్టలు తప్ప ఏమీ లేవు. ఆ రోడ్డుకు కాస్త లోపలగా మా పోలీసు లైన్లు ఉండేవి. ఎదురెదురుగా రెండు వరుసల పెంకుటిళ్ళు, మధ్యలో అందరికీ కలిపి ఒకే నల్లా, వరుస చివర సంఘం గది. ఆ గదికి సున్నం వేసి, తలుపు మీద పోలీసు సంఘమని రాసుకున్నారు.

మా నాన్న కానిస్టేబులు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాడు కనుక ఉర్దూ చక్కగా రాసేవాడు. తెలుగు మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుని చదవడమే, రాయడం రాదు. మా ఎదురింట్లో సంఘం కార్యదర్శి ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, హెడ్ కానిస్టేబులు. లైన్లలో అందరూ ఆయన్ని హెడ్డుగారనే అనేవారు. కప్పు కారితే పైవాళ్ళకు అర్జీ పెట్టించేది ఆయనే. భార్యకు కాన్పు దగ్గరపడినవాడికి సెలవు ఇప్పించేదీ, బదిలీ మీద వచ్చినవాళ్ళ పిల్లలకు బడిలో చోటు అడిగేదీ ఆయనే.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు మూతపడ్డాయి. రోజూ రోడ్డు మీద కాలేజీ పిల్లల ఊరేగింపులు, నినాదాలు. మగవాళ్ళందరినీ బందోబస్తుకు పంపేవారు. రెండేసి మూడేసి రోజులు ఇంటికి వచ్చేవారు కాదు. ఆ రోజుల్లో హెడ్డుగారికి ఒక పని పడింది. మధ్యాహ్నం పూట సైకిలు మీద కాపలా పోస్టులన్నీ తిరిగి వచ్చి, ప్రతి గడప ముందూ నిలబడి కబురు చెప్పేవారు. "మీ ఆయన చంపాపేట దగ్గరున్నాడమ్మా, బానే ఉన్నాడు, అన్నం తిన్నాడు." ఆంధ్రా మనిషని ఆయనతో మాట్లాడటం మానేసిన ఇళ్ళు కూడా కొన్ని ఉండేవి. ఆ ఇళ్ళ ముందు కూడా ఆగి, మూసిన తలుపుతోనే ఆ నాలుగు మాటలూ చెప్పి ముందుకు వెళ్ళేవారు.

నాకు అప్పుడు పదేళ్ళు. లైన్ల వెనక బస్తీలో నాతో బడికి వచ్చే పిల్లలు ఉండేవారు. ఒకరోజు నేను ఆటకు వెళితే వాళ్ళు తొక్కుడుబిళ్ళ గీతలు కాలితో చెరిపేశారు. "మీ నాయిన పోలీసోడు. మీరు ఆంధ్రోళ్ళ దిక్కు. నువ్వు మాతోటి ఆడొద్దు" అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. మేము ఎవరి దిక్కో చూపిస్తానని ఇంటికొచ్చి, పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని, ఎండకు ఎవరూ బయట లేని వేళ చూసి, ఎదురింటి తలుపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: మీ ఊరికి మీరు పోండి. కింద జై తెలంగాణ అని కూడా రాశాను. బడిలో దస్తూరికి మెచ్చుకోళ్ళు పొందిన పిల్లను కదా, తలుపు మీద కూడా ఒత్తులూ గుడులూ పొందికగా పెట్టాను.

బస్తీకి పరుగెత్తి, చూపిస్తాను రమ్మని పిల్లల్ని వెంటబెట్టుకొచ్చేసరికి తలుపు శుభ్రంగా ఉంది. తడి కూడా ఆరలేదు. పిల్లలు నవ్వి వెళ్ళిపోయారు. అబద్ధాలకోరు అన్న పేరు కూడా వచ్చింది. ఎవరు తుడిచారో, ఎందుకు తుడిచారో నాకు తెలియలేదు. రెండు రోజులు ఎవరైనా వచ్చి అమ్మతో చెబుతారేమోనని భయపడ్డాను. ఎవరూ రాలేదు.

ఆ వారంలోనే నాన్న టోపీ, బెల్టు లేకుండా ఇంటికి వచ్చాడు. వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ అడగ్గా అడగ్గా చెప్పాడు.

జరిగింది ఇదీ. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర నాన్నకు పోస్టు వేశారు. గుంపులోంచి ఎవరో విసిరిన రాయి గుంపులోని పిల్లవాడికే తగిలి తల పగిలింది. అందరూ తలో దిక్కు పరుగెత్తారు. ఆ పిల్లవాడు రోడ్డు మీద పడి ఉన్నాడు. నాన్న వాడిని ఎత్తి రిక్షాలో పడుకోబెట్టి, తలకు తన రుమాలు అదిమిపట్టి, పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి పోస్టు ఖాళీగా ఉందని పై అధికారి చూశాడు. బందోబస్తులో చెప్పకుండా పోస్టు వదిలాడనీ, ఉద్యమకారులతో చేయి కలిపాడనీ రాసి, నాన్నను సస్పెండు చేశారు. వారంలోగా సంజాయిషీ రాసివ్వాలి, తర్వాత విచారణ. విచారణలో తప్పని తేలితే ఉద్యోగం పోతుంది, ఇల్లు ఖాళీ చేయాలి. ఊళ్ళో మాకు భూమి లేదు.

మర్నాడు పొద్దున హెడ్డుగారు మా ఇంటికి వచ్చారు. ఆయన కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు ఉంది. అంతకు వారం ముందు సైకిలు మీద పోస్టులు తిరుగుతుండగా సరూర్‌నగర్ మలుపులో రాయి తగిలిందట. ఆయన చాప మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, నాన్నతో అన్నారు.

"సంజాయిషీ మనమే రాద్దామయ్యా. స్టేషన్లో రాయిస్తే వాళ్ళ మాటే పడుతుంది. విచారణలో నీ పక్కన సంఘం తరఫున నేను కూర్చుంటాను."

నాన్న తల వంచుకుని అన్నాడు. "నాకు తెలుగు రాయనీకి రాదు హెడ్డు సాబ్. ఉర్దూల రాస్తే ఆఫీసుల ఎవలు జదువుతరు? మీ చెయ్యి జూస్తే గిట్లుండె. ఎట్ల?"

హెడ్డుగారు నా వైపు తిరిగారు. "మీ అమ్మాయి రాస్తుంది. దాని అక్షరాలు గుండ్రంగా, తీరుగా ఉంటాయి."

అమ్మ ఆశ్చర్యపోయింది. "దాని రాత మీరెప్పుడు జూసిన్రు?"

"చూశాన్లేమ్మా" అని మాత్రం అన్నారు.

నా నోటుపుస్తకాలేవీ ఆయన ఎన్నడూ చూడలేదు. నేను రాయగా ఆయన చూసింది ఒక్కటే. ఆయన కళ్ళలోకి చూసే ధైర్యం లేక, గబగబా లోపలికి వెళ్ళి కలం, కాగితాలు తెచ్చుకుని కూర్చున్నాను. ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు కాదు, తర్వాత కూడా ఎత్తలేదు.

నాన్న చెబుతుంటే నేను రాయడం మొదలుపెట్టాను. నాన్న మాట మా పల్లె మాట. "గా పోరడు నెత్తి పలిగి రోడ్డు మీద పడ్డడు. అందరు ఉరికిన్రు. నేను జూస్కుంట ఎట్ల నిలబడుదును?" అది రాతలో ఎలా పెట్టాలో హెడ్డుగారు నెమ్మదిగా చెప్పేవారు. అలా ఒక పేజీ నిండింది. పోస్టు వదిలిన చోటికి వచ్చాక నా బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. మా నాన్నను నేనే కాపాడాలనుకున్నాను. ఎవరూ చెప్పకుండానే ఒక వాక్యం కలిపాను: పై అధికారిని అడిగి, వారు సరేనన్నాకనే వెళ్ళితిని.

హెడ్డుగారు పక్క నుంచి చదువుతున్నారు. ఆయన వేలు ఆ వాక్యం మీద ఆగింది. నన్ను ఏమీ అనకుండా నాన్నను అడిగారు.

"వెళ్ళేముందు అడిగావా?"

"లే సార్. అడగలె. అడిగేటంత టైమ్ యాడిది? రక్తం గారుతుండె."

"అడగలేదనే రాయమ్మా" అన్నారు నాతో.

నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. "అట్ల రాస్తే మా నాయిన నౌకరి పోతది" అన్నాను. అమ్మ కూడా నా పక్షమే. "పిల్ల రాసిందే ఉంచుండ్రి హెడ్డు సాబ్. ఎవలు జూసిన్రు?" అంది. నాన్న ఉంచమని అంటాడేమోనని చూశాను. ఆయన నేల వైపే చూస్తూ కూర్చున్నాడు.

హెడ్డుగారు కట్టు ఉన్న చేతిని మరో చేత్తో పట్టుకుని, నాకు అర్థమయ్యేలా చెప్పారు. "చూడమ్మా, ఇది మీ నాన్న కాగితం. ఆయన పేరు మీద పోతుంది. రేపు ఆయన్ని నిలబెట్టి అడుగుతారు. అప్పుడు మనం పెట్టిన మాట ఆయన నోట్లోంచి రాదు. ఆయనకు అబద్ధం చేతకాదు, నీకూ తెలుసు. అడగలేదని రాయి. ఎందుకు అడగలేదో దాని కిందనే రాయి. మీ నాన్నకి ఉన్న బలం అదే."

ఆ వాక్యం కొట్టేశాను. కొట్టివేతలున్న కాగితం పంపకూడదని ఆయన మళ్ళీ మొదటి నుంచి రాయించారు. రాయడం అయ్యాక మొత్తం నాన్నకు చదివి వినిపించమన్నారు. నేను చదువుతుంటే నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. "నా ఎదుట ఒక పిల్లవాడు చావుబతుకుల్లో ఉండగా ఎవరినీ అడుగుటకు నాకు తోచలేదు" అన్న దగ్గర ఆపి, ఆ ముక్క మళ్ళీ చదవమన్నాడు. చదవడం అయిపోయాక, "గంతే బిడ్డా. గట్లనే అయింది" అని, కాగితం తీసుకుని కింద ఉర్దూలో సంతకం చేశాడు.

ఆ మధ్యాహ్నం తడిగుడ్డ పట్టుకుని ఎదురింటి ముందుకు వెళ్ళాను. తుడవడానికి అక్కడ ఏమీ లేదని తెలుసు. అయినా ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. హెడ్డుగారి భార్య, మా ఎదురింటి అత్త, గుమ్మంలో బియ్యం ఏరుతోంది. గుడ్డ చూసి ఆమెకు విషయం అర్థమైంది.

"నువ్వు రాసి పరుగెత్తడం కిటికీలోంచి చూశాం. మీ మావయ్యే తుడిచేశారులే అమ్మా. ఎవరైనా చూస్తే లైన్లో వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుంటారు, సంఘం రెండు ముక్కలైపోతుందీ అన్నారు. ఒంటి చేత్తో నీళ్ళు తెచ్చి మరీ తుడిచారు" అంది. ఆమె గొంతులో కోపం లేదు గానీ నవ్వు కూడా లేదు. "రాస్తే రాశావ్ గానీ, మా పిల్లలు చదివారే అది. రెండు రోజులు బయటికి రాలేదు" అంది.

నేను నిలబడలేక ఇంటికి పరుగెత్తాను.

విచారణ రోజున అమ్మ నన్ను కూడా తీసుకెళ్ళింది. డ్యూటీ లేని సంఘం సభ్యులు ఏడెనిమిది మంది ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. మా వైపు వాళ్ళూ ఉన్నారు, కోస్తా వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చేసేదేమీ లేదు. మనిషి ఒంటరిగా లేడని లోపలివాళ్ళకు కనిపించాలని హెడ్డుగారు రమ్మన్నారట. వాళ్ళ మధ్యలో తలకు కట్టుతో ఒక కాలేజీ పిల్లవాడు. నాన్న దవాఖానకు తీసుకెళ్ళినవాడు. పోలీసుల తరఫున సాక్ష్యం చెప్పడానికి రానని మొదట మొండికేశాడట. హెడ్డుగారు మూడుసార్లు దవాఖానకు వెళ్ళి, అక్కడ కూర్చుని వచ్చారట. మూడోసారి ఆయన చేతి కట్టు చూసి, "మీకేమైంది?" అని ఆ పిల్లవాడే అడిగాడట. రాయి తగిలిందని చెబితే వస్తానన్నాడట.

లోపల జరిగింది నాన్న బయటికి వచ్చాక చెప్పాడు. పై అధికారి గట్టిగా, "ఇతను నన్ను అడగలేదు" అన్నాడట. విచారణ చేస్తున్న పెద్ద ఆఫీసరు కాగితం చూసి, "అడగలేదనే ఇతనూ రాశాడు కదా, దాచిందేమీ లేదు. ఎందుకు వెళ్ళాడో చూద్దాం" అన్నారట. తర్వాత ఆ పిల్లవాడిని పిలిచి అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పాడట. మరోసారి పోస్టు వదిలేటప్పుడు పక్కవాడికైనా చెప్పి వెళ్ళాలని నాన్నను మందలించి, టోపీ, బెల్టు తిరిగి ఇప్పించారు. నేను కలిపిన ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఏమయ్యేదో అమ్మకు అప్పుడు తెలిసివచ్చింది. వరండాలోనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రెండేళ్ళకు హెడ్డుగారికి గుంటూరు బదిలీ వచ్చింది. సామాను ఎక్కిస్తున్న రోజు ఆయన దగ్గరకు వెళ్ళి తలుపు మీద రాసింది తప్పయిందని చెప్పాలని ఎంతో అనుకున్నాను. "బాగా చదువుకో అమ్మా" అన్నారు. తల ఊపాను. చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

తర్వాత నేను టీచరునయ్యాను. పెళ్ళయ్యాక చంపాపేటలో స్థిరపడ్డాం. మా వీధిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా, ఫిర్యాదు కావాలన్నా నా దగ్గరకే వస్తారు. ఉద్యమం రెండోసారి వచ్చినప్పుడు నేను కూడా రోడ్డు మీద బైఠాయించాను. రాష్ట్రం వచ్చిన రోజు సంతోషంతో ఏడ్చాను. ఆ రోజుల్లో లాఠీ దెబ్బలు తిన్న పిల్లలు వచ్చి రాయించుకున్నారు, దుకాణం అద్దాలు పగిలిన కోస్తా ఆయన కూడా వచ్చి రాయించుకున్నాడు. అందరికీ వాళ్ళు చెప్పిందే రాశాను. నాకిష్టమైన వైపుకు పనికొస్తుందని ఒక్క మాట కలపలేదు, ఇష్టం లేని వైపుదని ఒక్క మాట తగ్గించలేదు. కలపాలని చాలాసార్లు మనసు లాగింది. డెబ్బయ్యేళ్ళు దగ్గరపడుతున్నా ఇప్పటికీ లాగుతుంది. అప్పుడు కలం కాసేపు పక్కన పెట్టి, ఎదురుగా కూర్చున్న మనిషినే మళ్ళీ అడుగుతాను.