సరోజన గిర్ని గల్లీ

చెన్నూరు దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్లో, ఒకప్పుడు ఆ గల్లీకి పేరే లేదు. బొగ్గుగనిలో పనిచేసే ఎల్లేశం వారానికోసారి ఇంటికొచ్చే రోజుల్లో, అతని భార్య సరోజన ముందరి గదిలో పిండిగిర్ని పెట్టింది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు జొన్నలు, గోధుమలు, మిరపకాయలు మోసుకుంటూ "సరోజన గిర్ని ఏడుంది?" అని అడుగుతూ వచ్చేవారు. అడగ్గా అడగ్గా అదే గల్లీ పేరైంది. పెళ్లి కార్డుల మీద కూడా అదే అచ్చు వేయించేవారు. పొట్టకూటికి పెట్టుకున్న గిర్ని ఊరికి గుర్తయిందంటే మాటలు కాదు.

ఈ ఏడాది గల్లీలకు నీలం బోర్డులు పెట్టారు. పేర్లు రాసుకోవడానికి వచ్చిన కాంట్రాక్టరు మనుషులు నోరు తెరిచి ఒక్కరినీ అడగలేదు. గిర్ని కరెంటు మీటరు ఎల్లేశం పేరు మీద ఉంది. అది చూసుకుని "ఎల్లేశం గిర్ని గల్లీ" అని బోర్డు పాతేసి పోయారు.

రిటైరై ఇంటిపట్టునే ఉంటున్న ఎల్లేశానికి కాళ్లు నేల మీద ఆనలేదు. పనున్నా లేకున్నా ఆ బోర్డు కింది నుంచే చాయ్ హోటల్‌కు పోయేవాడు. సరోజనకు మాత్రం కడుపు రగిలిపోయింది. ఇన్నేళ్లు ఆ పిండి దుమ్ములో దగ్గింది తను. గిర్ని బటనైనా నొక్కి ఎరుగని మనిషి పేరా దానికి?

ఒకరోజు పొద్దున ఆమె గిర్నిలోకి పోలేదు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ముందేసుకుంది.

"గిరాకీ వచ్చింది, లేవవేందే?" అన్నాడు ఎల్లేశం.

"నీ పేరే గద రాసిండ్రు. నువ్వే నడుపు."

"గదెంత పని!" అంటూ అతను లుంగీ ఎగ్గట్టి లోపలికి పోయాడు.

గిర్నిలో యంత్రాలు రెండు. ఒకటి పిండికి, ఒకటి కారానికి. ఈ సంగతి ఆ గల్లీలో పసిపిల్లలకూ తెలుసు, ఒక్క ఎల్లేశానికి తప్ప. లింగవ్వ తెచ్చిన మిరపకాయలను పిండి యంత్రంలో పోశాడు. వెంటనే అందులోనే ఎదురింటి జమాలున్నీసా గోధుమలు, ఆ పైన మిగతావాళ్ల జొన్నలు. లోపలి నుంచి తుమ్ములు వినబడుతున్నా సరోజన తల తిప్పలేదు.

సాయంత్రం గల్లీ అంతా రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని లబోదిబోమంది. జమాలున్నీసా రొట్టె చేతబట్టుకునే వచ్చేసింది, ఆమె వెనకే మిగతావాళ్లూ వచ్చారు.

"ఏంది ఎల్లన్నా గిది! మా పిల్ల కైనాత్ చెంబెడు నీళ్లు తాగినా మంట పోతలేదు. నీ పేరు బోర్డెక్కితే మా నోర్లు కాల్వాల్నా?"

ఎల్లేశం ఓ ముక్క కొరికి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అందరితోపాటు సరోజనకూ నవ్వాగలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నవ్వుతున్న గని, నాకు మస్తు బాధైంది," అని అందరి ముందే చెప్పేసింది. "ఇన్నేండ్లు నడిపింది నేను. ఆ పేరు నాది."

ఎల్లేశం తల దించుకున్నాడు. "నాకు తెల్వదా? నా పేరు సూసి జర మురిసిన. గంతే."

తెల్లారి తనే పోయి పెయింటర్ అజీముద్దీన్‌ను తీసుకొచ్చాడు. ఎవరి పర్మిషనూ అడగలేదు. వాళ్లు మాత్రం అడిగి రాశారా? పాత అక్షరాలన్నీ నీలం రంగు కింద పోయాయి. నిచ్చెన ఎల్లేశమే పట్టుకున్నాడు. గల్లీ అంతా చుట్టూ చేరింది.

"ఎట్ల రాయమంటవక్కా? అందరు పిలిచే తీరుగనేనా?" అడిగాడు అజీముద్దీన్.

సరోజన అరుగు దిగి వచ్చి బోర్డు ముందు నిలబడింది.

"గిర్ని చిన్నగ రాయి తమ్మీ," అంది. "పేరు పెద్దగ రాయి."